పండుగ విందుకు వెళ్ళేవారి చేతిలో ఏముండాలి?
చైనీయ ఆతిథేయికి తగిన కానుకను గురించి కొన్ని మాటలు

మన పిల్లలు ఇప్పుడు చదువుల కోసం, ఉద్యోగాల కోసం తూర్పు దేశాలకు కూడా వెళుతున్నారు. చైనాలోని వైద్య కళాశాలల్లో ఎం.బి.బి.ఎస్. చదువుతున్న తెలుగు విద్యార్థులున్నారు. సింగపూర్‌లోను, మలేషియాలోను చైనీయ కుటుంబాల పక్కింట్లోనే కాపురముంటున్న తెలుగువారున్నారు. పండుగ వచ్చిందంటే, ఇంటికి దూరంగా ఉన్న విదేశీ విద్యార్థిని అధ్యాపకుడు భోజనానికి పిలుస్తాడు. పక్కింటి పెద్దావిడ తలుపు తట్టి, పిల్లలతో సహా రమ్మంటుంది. అటువంటప్పుడే మావంటి వారికి ఫోను వస్తుంది: “మౌలానా సాబ్, వాళ్ళింటికి వట్టి చేతులతో వెళ్ళలేం. ఏం తీసుకువెళ్ళమంటారు?”

చూడడానికి ఇది చిన్న ప్రశ్నే. కాని దాని వెనుక రెండు భయాలున్నాయి. తెలియక ఇచ్చిన వస్తువు ఆతిథేయి మనసు నొప్పిస్తుందేమో అన్నది మొదటిది. వారి ఆచారాన్ని పాటించబోయి మన ధర్మం హద్దు దాటుతామేమో అన్నది రెండవది. ఈ రెండు భయాల మధ్య నలిగి, ఏదో ఒక సాకు చెప్పి ఇంట్లోనే ఉండిపోయే వారున్నారు. పిలిచినవారి మనసులో మాత్రం “వీరు మనతో కలవరు” అన్న మాట మిగిలిపోతుంది. మతం విషయంలో మనతో పోరాడనివారితో, మనల్ని ఇళ్ళ నుండి వెళ్ళగొట్టనివారితో సద్భావంతో, న్యాయంతో మెలగడాన్ని అల్లాహ్ వారించలేదని దివ్యఖుర్ఆన్ (60:8) స్పష్టం చేసింది. కాబట్టి తప్పించుకోవడం పరిష్కారం కాదు. తెలుసుకొని వెళ్ళడమే మేలు.

ఏ పండుగకు పిలిచారు?

కానుక ఎన్నుకునే ముందు ఏ పండుగో తెలుసుకోవాలి. చైనీయుల పండుగలన్నీ విందు పండుగలు కావు.

అన్నింటిలోకి పెద్దది వసంతోత్సవం, అనగా చైనీయ నూతన సంవత్సరం. అది జనవరి 21కి, ఫిబ్రవరి 20కి మధ్య ఏదో ఒక రోజున వస్తుంది. 2025లో జనవరి 29న, 2026లో ఫిబ్రవరి 17న వచ్చింది. మన హిజ్రీ నెలల వలెనే వారి నెలలు కూడా చంద్రుణ్ణి బట్టి సాగుతాయి. అయితే వారు కొన్ని సంవత్సరాలకు ఒకసారి అధికమాసం చేర్చి పండుగను రుతువుతో ముడిపెట్టుకుంటారు. అందుకే మన పండుగలు అన్ని రుతువులలోను సంచరిస్తాయి, వారి నూతన సంవత్సరం మాత్రం చలికాలం చివరనే నిలిచి ఉంటుంది. 2024 డిసెంబరులో యునెస్కో ఈ పండుగను మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

నూతన సంవత్సరానికి ముందు రాత్రి జరిగే భోజనం పూర్తిగా కుటుంబానికి చెందినది. ఎక్కడెక్కడో పనిచేస్తున్న కొడుకులు, కోడళ్ళు వేల కిలోమీటర్లు ప్రయాణించి ఆ రాత్రికి తల్లిదండ్రుల వద్దకు చేరుకుంటారు. ఆ భోజనానికే పరాయివారిని పిలిచారంటే, అది సామాన్యమైన గౌరవం కాదు. ఆ తరువాత పదిహేనవ రోజున వచ్చే దీపాల పండుగ వరకు బంధుమిత్రుల ఇళ్ళకు రాకపోకలు సాగుతాయి. రెండవ రోజున పెళ్ళయిన ఆడపిల్లలు పుట్టింటికి వెళ్ళడం ఆనవాయితీ. మూడవ రోజున వెళితే తగవులు వస్తాయని దక్షిణ చైనాలో చాలామంది ఎవరింటికీ వెళ్ళరు. కాబట్టి మీ అంతట మీరు వెళ్ళదలచుకుంటే ముందుగా అడిగి, వారు చెప్పిన రోజున వెళ్ళడం మంచిది.

రెండవది శరత్కాలంలో, ఎనిమిదవ చాంద్రమాసం పదిహేనవ రోజున వచ్చే మధ్య శరదోత్సవం. 2026లో అది సెప్టెంబరు 25న వస్తుంది. నిండు చంద్రుణ్ణి చూస్తూ, కుటుంబమంతా కలిసి కూర్చుని, ‘మూన్ కేక్’ అనే గుండ్రని మిఠాయిని ముక్కలు కోసుకొని తింటారు. అయిదవ నెల అయిదవ రోజున వచ్చే పడవల పండుగ మూడవది. ఆనాడు వెదురు ఆకులలో చుట్టి ఉడికించిన జిగురు బియ్యపు పొట్లాలు ఇచ్చిపుచ్చుకుంటారు.

ఇక ఏప్రిల్ మొదటి వారంలో వచ్చే చింగ్ మింగ్ సమాధులను శుభ్రం చేసే దినం. ఏడవ నెలలో వచ్చేది ప్రేతాత్మలకు సంబంధించిన పండుగ. ఈ రెండూ కానుకలతో వెళ్ళే సందర్భాలు కావు. వాటిలోని కర్మకాండలలో మనకు పాత్ర కూడా లేదు.

మాట ధ్వనిలో ఉన్న శుభాశుభాలు

చైనా భాషలో ఒకే ధ్వని గల మాటలు అసంఖ్యాకం. వారి కానుకల మర్యాద చాలావరకు ఈ ధ్వని సామ్యం మీదనే ఆధారపడి ఉంది. మన తెలుగు ఇళ్ళలో గడప దాటేటప్పుడు “పోతాను” అనకుండా “వెళ్ళొస్తాను” అనమని పెద్దలు నేర్పుతారు కదా! ఆ సున్నితత్వాన్నే వారు వస్తువులకు కూడా వర్తింపజేస్తారు.

గడియారం వారికి ఇవ్వకూడని కానుకలలో మొదటిది. గడియారాన్ని ‘జోంగ్’ అంటారు. ‘సోంగ్ జోంగ్’ అంటే గడియారం ఇవ్వడం. సరిగ్గా అదే ధ్వనితో, మరణశయ్య మీద ఉన్నవారిని సాగనంపడమనే అర్థం గల మాట ఒకటుంది. వయసు మళ్ళిన తండ్రి ఉన్న ఇంటికి గోడ గడియారం పట్టుకొని వెళితే ఆ ఇంటివారి ముఖాలు ఎలా మారతాయో ఊహించుకోండి. మన వద్ద నమాజు వేళలు చూపే గడియారం ఎంతో ఇష్టంగా ఇచ్చుకునే కానుక. కనుక ఈ పొరపాటుకు మనవారికే ఎక్కువ అవకాశం ఉంది.

బేరిపండును ‘లీ’ అంటారు, ఎడబాటుకు కూడా ‘లీ’ అనే మాటే. గొడుగు ‘సాన్’, చెదిరిపోవడం కూడా ‘సాన్’ను పోలిన మాటే. చెప్పులకు, దుష్టత్వానికి ఉచ్చారణ ఒకటే. కత్తి, కత్తెర బంధాన్ని తెంచివేస్తాయని భావిస్తారు. చేతిరుమాలు కన్నీటికి, వీడ్కోలుకు గుర్తు. తెల్లని చేమంతులు అంత్యక్రియల పువ్వులు. పుస్తకాన్ని ‘షు’ అంటారు, ఓడిపోవడం కూడా ‘షు’యే. అందువల్ల హాంకాంగ్, గ్వాంగ్‌డాంగ్ ప్రాంతాల వ్యాపార కుటుంబాలలో కొత్త సంవత్సరంనాడు పుస్తకం ఇవ్వరు. పుస్తకాలే ఆస్తిగా బ్రతికే మావంటి వారికి ఈ మాట కాస్త కష్టంగానే ఉంటుంది! అయినా పుస్తకం ఇవ్వడానికి సంవత్సరంలో తక్కిన రోజులు చాలా ఉన్నాయి.

మన వారికి ప్రత్యేకంగా చెప్పవలసింది మరొకటి ఉంది. పచ్చరంగు మీద మనకు మక్కువ ఎక్కువ. కాని చైనా భాషలో “పచ్చటోపీ పెట్టుకున్నవాడు” అనడం అతని భార్య శీలాన్ని శంకించే నింద. టోపీని కానుకగా ఇవ్వాలనుకునేవారు ఈ సంగతి మరచిపోరాదు.

శకునాన్ని నమ్మడం వేరు, మనసు నొప్పించకపోవడం వేరు

ఇక్కడ చదువరులకు ఒక సందేహం రావచ్చు. “గడియారం ఇస్తే చావు వస్తుందని మనం నమ్మం. అటువంటప్పుడు ఈ నిషేధాలన్నీ పాటించడం మూఢనమ్మకానికి తలవంచడం కాదా?”

ఈ సందేహం సమంజసమైనదే. దుశ్శకునానికి ఎటువంటి శక్తీ లేదని దైవప్రవక్త (స) స్పష్టంగా బోధించారు. లాభనష్టాలు అల్లాహ్ చేతిలోనే ఉన్నాయి. బేరిపండు ఎవరినీ విడదీయలేదు, నారింజపండు ఎవరికీ సంపద తెచ్చిపెట్టలేదు. ఈ విశ్వాసంలో రవ్వంత సడలింపు కూడా తగదు.

అయితే దుశ్శకునాన్ని తోసిపుచ్చిన ఆ మహనీయులే మంచిమాటను ఇష్టపడతానని కూడా చెప్పారని బుఖారీ, ముస్లిమ్ గ్రంథాలలో ఉంది. హుదైబియా సంధి సమయంలో ఖురైషుల తరపున సుహైల్ అనే వ్యక్తి మాట్లాడడానికి వచ్చాడు. ‘సహల్’ అంటే అరబీలో సులభం. అతని పేరు వినగానే, ఇక మీ వ్యవహారం సులభమైందని ప్రవక్త (స) తన సహచరులతో అన్నారు. పేరులోని ధ్వని నుండి శుభాన్ని ఆశించడం దైవం పట్ల మంచి తలంపు. ధ్వనిని చూసి భయపడడం మాత్రం విశ్వాస బలహీనత. ఈ రెండింటి మధ్య ఉన్న గీతను మన పిల్లలకు చెప్పగలిగితే చాలు.

ఆతిథేయికి గడియారం ఇవ్వకపోవడానికి కారణం మనం భయపడడం కాదు, ఆయన బాధపడడం. పెళ్ళింటికి వెళ్ళి చావు కబుర్లు చెప్పకూడదని మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. చైనీయుల ఇంట్లో గడియారం పలికేది ఆ కబురునే. కానుక ఏమి చెబుతుందో నిర్ణయించేది పుచ్చుకునేవారి భాష. మన ఉద్దేశం ఎంత మంచిదైనా, అది వారి భాషలో మంచిమాటగా వినబడితేనే కానుక అవుతుంది.

అంకెలు, రంగులు

ఇదే సూత్రం అంకెలకూ వర్తిస్తుంది. ‘నాలుగు’ అనే మాట ‘చావు’ అనే మాటను పోలి ఉంటుంది. అందువల్ల నాలుగు పండ్లు, నాలుగు పెట్టెలు, నాలుగు కప్పుల సెట్టు తీసుకువెళ్ళరాదు. ఎనిమిది అభివృద్ధిని సూచించే మాటకు దగ్గరగా ఉంటుంది, ఆరు పనులు సాఫీగా సాగడానికి గుర్తు.

మన దేశంలో నూటొక్క రూపాయలు, అయిదువందల ఒక్క రూపాయి ఇవ్వడం పరిపాటి. చైనీయుల పద్ధతి దీనికి సరిగ్గా విరుద్ధం. శుభకార్యాలలో వారు సరిసంఖ్యనే ఇస్తారు. బేసిసంఖ్య మొత్తాన్ని అంత్యక్రియల సమయంలో ఇస్తారు. మన అలవాటు ప్రకారం మీద ఒక్కటి చేర్చి కవరులో పెడితే, ఆ ఒక్కటే మొత్తం కానుకను పాడుచేస్తుంది. కాబట్టి ఏదైనా జతలుగా ఇవ్వడం మేలు. రెండు పెట్టెలు, ఆరు పండ్లు, ఎనిమిది పొట్లాలు, ఇలా.

పెట్టెకు చుట్టే కాగితం ఎరుపు గాని, బంగారు రంగు గాని ఉండాలి. తెలుపు, నలుపు శోకానికి చిహ్నాలు. అయితే పేరు రాసేటప్పుడు ఎర్రసిరా వాడకూడదు. మనిషి పేరును ఎర్రగా రాయడం వారికి అశుభంగా తోస్తుంది.

మన చేతితో ఇవ్వకూడనివి

చైనాలో అతిథులు తరచుగా తీసుకువెళ్ళే కానుకలలో మద్యం సీసా, సిగరెట్ల పెట్టె ప్రముఖమైనవి. “మేం తాగం, కాని వారికి ఇవ్వడంలో తప్పేముంది?” అని అడిగే యువకులున్నారు. దీనికి సమాధానం సహీహ్ ముస్లిమ్‌లోని ఒక ఉదంతంలో ఉంది. ఒక వ్యక్తి తెలియక దైవప్రవక్త (స) వారికి తోలుతిత్తి నిండా మద్యాన్ని కానుకగా తెచ్చాడు. అది నిషేధించబడిందని ఆయన తెలియజేశారు. ఆ వ్యక్తి పక్కనున్నవానితో దాన్ని అమ్మివేయమని గుసగుసగా చెప్పగా, తాగడాన్ని నిషేధించినవాడే అమ్మడాన్ని కూడా నిషేధించాడని ప్రవక్త (స) బోధించారు. అప్పుడా వ్యక్తి తిత్తి మూతి విప్పి మద్యాన్ని నేలపాలు చేశాడు. కానుకగా తెచ్చిన వాని మీద ప్రవక్త (స) ఆగ్రహించలేదన్నది కూడా గమనార్హం. ఆతిథేయి మనకు సీసా అందిస్తే మనం చూపవలసిన మృదుత్వం కూడా అదే.

మధ్య శరదోత్సవంనాడు మూన్ కేక్ ఇవ్వదలచుకున్నవారు దానిలో ఏముందో చూసుకోవాలి. సంప్రదాయ పద్ధతిలో దాని పైపొరకు, లోపలి తామరగింజల ముద్దకు పందికొవ్వు వాడతారు. నేడు నూనెతో చేసేవి కూడా ఉన్నాయి. హలాల్ ముద్ర గలవి మలేషియా, సింగపూర్ దుకాణాలలోను, చైనాలోని ముస్లిమ్ వీధులలోను లభిస్తాయి. చైనాలో హలాల్‌ను ‘చింగ్ జెన్’ అంటారు. స్వచ్ఛమైనది, సత్యమైనది అని ఆ రెండక్షరాల అర్థం. ఆ రెండక్షరాలను గుర్తుపట్టడం చైనాకు వెళ్ళే ప్రతి ముస్లిమ్ విద్యార్థీ నేర్చుకోవలసిన తొలి పాఠం.

అగరువత్తులు, పూజకు వాడే వస్తువులు, దేవతామూర్తులు, ఆ సంవత్సరానికి చెందిన రాశి జంతువు బొమ్మలు ముస్లిమ్ ఇవ్వదగినవి కావు. చాలా ఇళ్ళలో పూర్వీకుల పీఠం ఉంటుంది, దానిముందు పండ్లు పెడతారు. అందుచేత మీరు తెచ్చినదాన్ని గృహిణి చేతికో, పిల్లల చేతికో “ఇది మీరు తినడానికి” అని అందివ్వడం మంచిది. పూజ జరిగే సమయంలో మర్యాదగా పక్కకు తప్పుకోవచ్చు. పండుగనాడే కానుక ఇవ్వడం పట్ల సంకోచం వ్యక్తం చేసిన పండితులు కూడా ఉన్నారు. ఆ అభిప్రాయాన్ని అనుసరించేవారికి కూడా ఇబ్బంది లేదు. రాకపోకలు పదిహేను రోజులు సాగుతాయి కనుక ఆ రోజు దాటిన తరువాత ఒక సాయంత్రం వెళ్ళవచ్చు.

తగిన కానుకలు

వీటిలో మొదట చెప్పుకోవలసింది పండ్లు. దక్షిణ చైనాలోను, మలేషియా, సింగపూర్‌లలోను నూతన సంవత్సరానికి వచ్చిన అతిథి రెండు కమలాపండ్లను రెండు చేతులతో అందిస్తాడు. వెళ్ళేటప్పుడు ఆతిథేయి కూడా రెండు పండ్లు తిరిగి ఇస్తాడు. కాంటనీస్ భాషలో ఆ పండు పేరుకు, బంగారానికి ఉచ్చారణ ఒకటే. ఖర్చు తక్కువ, గౌరవం ఎక్కువ, హలాలా కాదా అన్న సందేహమే లేదు. ఆపిల్ పేరులో క్షేమం అనే మాట ధ్వనిస్తుంది కాబట్టి చైనా అంతటా అది మంచి కానుక. పంపరపనస కూడా అంతే. బుట్టలో బేరిపండ్లు లేకుండా చూసుకుంటే చాలు.

రెండవది తేయాకు. చైనీయులు తేయాకుకు పుట్టినింటివారు. వారికి వారి తేయాకునే ఇవ్వాలంటే నాణ్యత తెలిసి ఉండాలి. మన డార్జిలింగ్, నీలగిరి తేయాకు ఒక జత డబ్బాలు ఇస్తే, రుచి చూడాలన్న కుతూహలం కలుగుతుంది, కబుర్లకు ఒక విషయమూ దొరుకుతుంది. మన్యంలో పండే అరకు కాఫీ కూడా ఈ కోవలోనిదే. యువ కుటుంబాలకు అది నచ్చవచ్చు.

మూడవది ఎండుఫలాలు. కొత్త సంవత్సరం రోజుల్లో ప్రతి చైనీయ ఇంట్లోను గింజలు, పప్పులు, ఎండుపండ్లతో నింపిన పళ్ళెం బల్ల మీద ఉంటుంది. వచ్చినవారంతా వాటిని నములుతూ మాట్లాడుకుంటారు. మన శ్రీకాకుళం జిల్లా పలాస జీడిపప్పు ఆ పళ్ళెంలో ఎంతో చక్కగా ఇమిడిపోతుంది. ఖర్జూరాలు మన ఇళ్ళలో ఎప్పుడూ ఉండేవే. చైనాలో రేగుజాతికి చెందిన ఎర్రని ఎండుపండును శుభప్రదంగా భావిస్తారు, మన ఖర్జూరాన్ని కూడా దాని పేరుతో కలిపే పిలుస్తారు. కనుక మంచి ఖర్జూరాల పెట్టె వారికి పరాయిదనిపించదు. ఇంటిలో ఎవరికైనా పప్పులు పడవేమో ముందుగా అడగడం మరువకండి.

మన మిఠాయిల తీపి చైనీయులకు ఎక్కువగా తోస్తుంది. ఇచ్చేటట్లయితే చిన్న పెట్టె చాలు. ఇక్కడి నుండి తీసుకువెళ్ళేవారు మరొకటి గమనించాలి. తాజా పండ్లు, మాంసం, పాలతో చేసిన పదార్థాలు ప్రయాణికులు తమ సామానులో చైనాకు తీసుకువెళ్ళడం నిషిద్ధం. మామిడిపండ్ల మీద ఎంత ప్రేమ ఉన్నా విమానాశ్రయంలోనే వదులుకోవలసి వస్తుంది. పండ్లు అక్కడే కొని, ఇక్కడి నుండి వేయించి సీలు వేసిన జీడిపప్పు వంటివి తీసుకువెళ్ళడం ఉత్తమం. ప్రయాణానికి ముందు ఆ దేశపు నిబంధనలు ఒకసారి చూసుకోవాలి.

వస్త్రాలలో పోచంపల్లి ఇక్కత్ దుపట్టా గాని, లతలు పువ్వులు అద్దిన మచిలీపట్నం కలంకారీ గాని గృహిణికి ఇవ్వదగినవి. నేల ఎరుపు రంగులో ఉంటే మరీ మంచిది. హైదరాబాదు ముత్యాలు ఇద్దామని చాలామందికి తోస్తుంది. కాని నేడు మన చార్మినార్ వీధులలో గుచ్చి అమ్మే మంచినీటి ముత్యాలలో అధికభాగం చైనా నుండి వచ్చినవే. వాటిని తిరిగి వారింటికే మోసుకుపోవడం దేనికి?

ఖరీదు ఎంత ఉండాలి?

చైనీయుల మర్యాదలో ఇచ్చినదానికి సమానంగా తిరిగి ఇవ్వాలన్న నియమం బలంగా ఉంది. మీరు అధ్యాపకునికి ఎంతో ఖరీదైన వస్తువు ఇస్తే, దానికి సరితూగేది వెతకవలసిన భారం ఆయన మీద పడుతుంది. పైగా పరీక్షల ముందు ఇచ్చినది లంచంగా కూడా కనబడవచ్చు. లంచం ఇచ్చేవానికి, పుచ్చుకునేవానికి మన ధర్మంలో ఉన్న హెచ్చరిక అందరికీ తెలిసినదే. పండుగ కానుకల ఆడంబరం చైనా ప్రభుత్వాన్ని కూడా కలవరపెట్టింది. 500 యువాన్లకు మించి ధర ఉన్న మూన్ కేక్ పెట్టెల మీద 2022లో అక్కడి అధికారులు ప్రత్యేక నిఘా పెట్టారు.

వారిలో ఒక పాత కథ ప్రచారంలో ఉంది. టాంగ్ వంశపు చక్రవర్తికి దూరదేశం నుండి ఒక దూత హంసను కానుకగా తెస్తున్నాడు. దారిలో దానికి స్నానం చేయించబోతే అది ఎగిరిపోయింది, అతని చేతిలో ఒక్క ఈక మిగిలింది. అతడు భయపడక, ఆ ఈకనే తీసుకువెళ్ళి జరిగినది చెప్పుకున్నాడు. చక్రవర్తి సంతోషించాడు. ఎంతో దూరం మోసుకొచ్చిన ఈక తేలికైనా, దానిలోని ప్రేమ బరువైనదన్న సామెత వారి నోట నేటికీ వినబడుతుంది. పొరుగింటావిడ పంపినది మేక గిట్ట అయినా సరే, దాన్ని చిన్నచూపు చూడవద్దని మన ప్రవక్త (స) విశ్వాస స్త్రీలకు బోధించారు. ఒక మాట చైనా నేలది, మరొకటి మదీనాది. రెండూ కొలిచేది ఒక్కదాన్నే.

ఇచ్చే పద్ధతి

కానుకను రెండు చేతులతో, ముందుగా ఇంటిలోని పెద్దవారికి అందివ్వాలి. ఆతిథేయి “వద్దు వద్దు, ఎందుకు తెచ్చారు?” అని ఒకటి రెండు సార్లు కాదంటాడు. అది తిరస్కారం కాదు, వినయం. మన పెద్దలు కూడా అలాగే అంటారు కదా! చిన్నబుచ్చుకోకుండా “చాలా చిన్నది, ఉంచండి” అని మళ్ళీ అందించాలి. ఆయన దాన్ని విప్పకుండా పక్కన పెడితే నచ్చలేదని అనుకోకూడదు. ఇచ్చినవారి ఎదుట విప్పడం చాలామంది పెద్దలకు మర్యాదగా తోచదు. మీకు ఏదైనా ఇచ్చినప్పుడు మీరు కూడా ఇంటికి వెళ్ళాకే విప్పండి.

ఆ ఇంట్లో పిల్లలుంటే ఎర్రకవరులో కొద్దిపాటి డబ్బు ఇవ్వడం ఆచారం. దీన్ని చైనాలో ‘హోంగ్ బావ్’ అని, మలేషియా, సింగపూర్‌లలో ‘ఆంగ్ పావ్’ అని అంటారు. పెళ్ళయినవారు పిల్లలకు ఇస్తారు, చదువుకుంటున్న విద్యార్థి నుండి ఎవరూ ఆశించరు. దుష్టశక్తి నుండి పిల్లలను కాపాడుతుందన్న పూర్వపు నమ్మకం దీని వెనుక ఉంది. మనం ఇచ్చేటప్పుడు అది పిల్లలకు ఇచ్చే ఈదీ వంటి కానుక మాత్రమే. కొత్త నోట్లు, సరిసంఖ్య, నాలుగు లేకుండా చూసుకోవాలి. ఈ ఆచారాన్ని చూసే మలేషియా ముస్లిములు ఈద్‌నాడు పిల్లలకు పచ్చకవరులో డబ్బు ఇవ్వడం మొదలుపెట్టారు. మంచి అలవాట్లు ఇరుగుపొరుగు మధ్య ఇలాగే గోడలు దాటుతాయి.

భోజనం మాట

విందుకు ఒప్పుకున్నప్పుడే “మేము ముస్లిములం, పందిమాంసం, మద్యం కలిసినవి, హలాల్ కాని మాంసం తినలేం” అని చెప్పివేయాలి. వడ్డించిన తరువాత చెబితే ఆ గృహిణి రోజంతా పడ్డ శ్రమ వృథా అవుతుంది. పండుగ బల్ల మీద చేప తప్పకుండా ఉంటుంది. చేప అనే మాటలో సమృద్ధి ధ్వనిస్తుందని వారి భావన. వంటలో సారాయి, పందికొవ్వు వాడకుండా ఆవిరి మీద ఉడికించమని ముందే కోరితే మనకూ అభ్యంతరం ఉండదు. మీరే ఇంటిలో వండిన ఒక హలాల్ వంటకాన్ని పెద్ద గిన్నెలో తీసుకువెళ్ళగలిగితే, అదే అన్నింటికంటే మంచి కానుక కావచ్చు. మీ భోజనం సమస్యా తీరుతుంది, వారికీ కొత్త రుచి తెలుస్తుంది. బల్ల మీద ఉన్న తక్కిన పదార్థాలను చూసి ముఖం చిట్లించకూడదు. దైవప్రవక్త (స) ఎన్నడూ ఏ ఆహారాన్నీ తప్పుపట్టలేదు. ఇష్టమైతే తినేవారు, లేకుంటే విడిచేవారు.

ఆతిథేయి కూడా ముస్లిమ్ అయితే?

చైనాలో హుయ్, వీగర్ మొదలైన పది జాతులు ముస్లిములు. హుయ్ ప్రజలు చైనా భాషనే మాట్లాడతారు, శతాబ్దాలుగా ఆ సమాజంలోనే జీవిస్తున్నారు. ఈద్‌నాడు వారు నూనెలో వేయించిన ‘యోషియాంగ్’ అనే రొట్టెలను ఇరుగుపొరుగుకు పంచుతారు. నింగ్షియా, గాన్సూ ప్రాంతాలలో అతిథికి మూత కప్పులో ఎండుపండ్లు, కలకండ వేసిన తేయాకు పానీయం ఇస్తారు. అటువంటి ఇంటికి ఖర్జూరాలు, కలకండ, తేయాకు మంచి కానుకలు. అయితే వారూ చైనీయులే కనుక, వృద్ధుడైన హుయ్ ఆతిథేయికి కూడా గడియారం ఇవ్వవద్దు. ధర్మం ఒకటైనా భాష వారిది.

ఒక సింగపూర్ ఫ్లాటు తలుపు ముందు నిలబడిన మన ఆడపిల్ల చేతిలో ఎర్రకాగితం చుట్టిన రెండు పెట్టెలున్నాయనుకుందాం. ఒకదానిలో పలాస జీడిపప్పు, మరొకదానిలో మదీనా ఖర్జూరాలు. ఆ ఇంటి పెద్దావిడకు ఇస్లాం గురించి తెలిసినది బహుశా ఆ పిల్ల ద్వారానే. ఉపన్యాసమేదీ లేకుండా ఆ రెండు పెట్టెలు చెప్పవలసినది చెబుతాయి: “మీ మనసు ఏమిటో తెలుసుకొని వచ్చాను, నా ధర్మాన్ని వెంట తెచ్చుకున్నాను.” ఈద్ వచ్చినప్పుడు ఆ పెద్దావిడను మన ఇంటికి పిలవడం మరువకూడదు. ఆమె కూడా ఆ రోజు ఏదో ఒకటి చేతపట్టుకొని వస్తుంది. దాన్ని రెండు చేతులతో అందుకోండి.

పరాయి ఊళ్ళలో ఉన్న మన పిల్లలకు ఇరుగుపొరుగు వారి ప్రేమను, దానితోపాటు తమ హద్దులపై నిలకడను అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.